జిగటమన్ను రుచి

(న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో, పస్కా పండుగకు ముందు ఆదివారం తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారం.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఆ బల్ల మీద మూడు గిన్నెలు పెట్టాను. మూడింట్లోనూ వాల్‌నట్లో బాదమో ఉన్నాయి. పిల్లల్లో ఎవరికైనా నట్ ఎలర్జీ ఉంటే దయచేసి వాటి దగ్గరికి రానివ్వకండి. పెద్దవాళ్ళు కూడా కాసేపు ఆగండి, ఇప్పుడే రుచి చూడొద్దు. ఆఖర్న అందరం ఒకేసారి తిందాం. ఎందుకు ఆగమంటున్నానో మాటల్లో మీకే తెలుస్తుంది.

ఈ చుట్టుపక్కల ఊళ్ళలో మనవాళ్ళు ఉన్నట్టే యూదు కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. ఆఫీసులో పక్క సీటువాళ్ళు, పిల్లల స్కూల్ ఫ్రెండ్స్ అమ్మానాన్నలు, "పాసోవర్ రాత్రి మా ఇంటికి రండి" అని పిలుస్తుంటారు. పాసోవర్ అంటే పస్కాయే. యూదుల పూర్వీకులైన ఇశ్రాయేలీయులు ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసత్వం నుంచి బయటపడినందుకు చేసుకునే పండుగ. ఆ రాత్రి భోజనాన్ని సెడెర్ అంటారు. వెళ్ళొచ్చినవాళ్ళు నాతో చెప్పేది దాదాపు ఒకటే. "భోజనానికి ముందు చాలాసేపు చదివారండీ. ఏదో చేదుగా, ఘాటుగా పెట్టారు, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. దానితో పాటు ఆపిల్ పచ్చడి లాంటిది తియ్యగా పెట్టారు, అది మాత్రం చాలా బాగుంది, రెండుసార్లు వేసుకున్నాను."

ఆ ఆపిల్ పచ్చడి లాంటిదాని గురించే ఇవాళ చెప్తాను. దాని పేరు హరోసెత్. హరోసెత్ అని రాస్తాం కానీ మొదటి అక్షరం గొంతులోంచి వస్తుంది, మన "హ"కీ "ఖ"కీ మధ్యలో. హీబ్రూలో హెరెస్ అంటే కాల్చిన మట్టి, కుండపెంకు. హరోసెత్ అనే పేరు అందులోంచే వచ్చిందంటారు. అంటే ఇంత తియ్యటి వంటకానికి మట్టి పేరు పెట్టుకున్నారు.

మా నానమ్మ రోజూ సాయంత్రం బైబిలు పైకి చదివేది. పస్కా అనే మాట నాకు అలా చిన్నప్పుడే తెలుసు. ఐగుప్తులో ఇశ్రాయేలీయుల బానిసత్వం గురించి నిర్గమకాండం మొదటి అధ్యాయంలో "జిగటమంటి పనిలోను ఇటుకల పనిలోను" అని ఉంటుంది. జిగటమన్ను అనే మాట నానమ్మ నోట్లో ఎంత బాగా పలికేదో చెప్పలేను. నాకు ఆ మాట వింటే ఐగుప్తు కనపడేది కాదు, మా ఊరి బయట ఇటుక బట్టీలు కనపడేవి.

మాది పెద్దపల్లి దగ్గర. సంక్రాంతి వెళ్ళేసరికి బట్టీల పని జోరు మీద ఉండేది. ఒడిశా నుంచి, బలంగీర్ వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలే వచ్చి అక్కడే గుడిసెలు వేసుకునేవాళ్ళు. ముందే అడ్వాన్స్ తీసుకుని ఉంటారు, అది తీరేదాకా పని చెయ్యాలి. వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. పొద్దు పొడవక ముందే మట్టిలో నీళ్ళు పోసి, ఊక చల్లి, కాళ్ళతో తొక్కేవాళ్ళు. ఒకామె, మా అమ్మ వయసే ఉంటుంది, వంగి పిడికెడు మట్టి తీసుకుని నొక్కి చూసేది. వేళ్ళ సందుల్లోంచి జారితే ఇంకా తొక్కాలి. ముద్దగా నిలబడితే అచ్చులో వెయ్యొచ్చు. చెయ్యి తెరిచినప్పుడు ఆ ముద్ద మీద నాలుగు వేళ్ళ గుర్తులూ ఉండేవి. అది నేను స్కూలుకి వెళ్తూ రోజూ చూసేదాన్ని.

అయిదో అధ్యాయంలో ఐగుప్తు రాజు ఫరో ఇంకో ఆజ్ఞ ఇస్తాడు. ఇటుకల్లో కలపడానికి ఇన్నాళ్ళూ ఇచ్చిన గడ్డి ఇకమీదట ఇవ్వొద్దు, వాళ్ళే వెళ్ళి ఏరుకోవాలి, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటీ తగ్గకూడదు. నానమ్మ ఆ చోటికి వచ్చినప్పుడల్లా చదవడం ఆపేసి బట్టీల వైపు చూసేది. ఏమీ అనేది కాదు. కాసేపటికి మళ్ళీ చదివేది.

అయితే ఇంత చదివిన నానమ్మకు హరోసెత్ సంగతి తెలియదు. తెలిసే వీలు లేదు. నిర్గమకాండం పన్నెండో అధ్యాయంలో పస్కా భోజనానికి చెప్పినవి మూడే: కాల్చిన మాంసం, పొంగని రొట్టెలు, చేదు కూరలు. తీపి మాటే లేదు. హరోసెత్ మనకు మొదట కనపడేది మిష్నాలో, అంటే సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మ సంగ్రహంలో. అక్కడ కూడా ఒక వాదనతోనే కనపడుతుంది. ఇది తప్పనిసరి ఆచారం కాదు, ఊరికే బల్ల మీద పెడతారంతే అని కొందరంటే, కాదు, ఇది కూడా ఆజ్ఞే అని ఎలియేజర్ బెన్ సాదోక్ అనే పండితుడు అంటాడు. ఇప్పటికీ సెడెర్‌లో రొట్టెకు, చేదు కూరకు ఆశీర్వచనం ఉంది కానీ హరోసెత్‌కు విడిగా ఏదీ లేదు. దేనికోసమో పెద్దగా చెప్పరు కూడా. వరసలో వస్తుంది, చేదుకి తోడుగా ఉంటుంది, వెళ్ళిపోతుంది. బహుశా అందుకే మనవాళ్ళకు అది ఒక స్వీట్‌లాగా అనిపిస్తుంది.

నేను దీన్ని పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. ఈ దేశం వచ్చిన కొత్తలో మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. అప్పటికే ఎనభై దాటాయి. వాళ్ళ అమ్మగారు పోలండ్ నుంచి వచ్చారు. మొదటిసారి సెడెర్‌కి పిలిస్తే, పండుగ ఇంటికి ఉత్త చేతులతో ఎలా వెళ్తాం అని పెద్ద గిన్నె నిండా పులిహోర కలిపి తీసుకెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకుని, గిన్నె వెనక్కి తీసుకెళ్ళి మా ఇంట్లోనే పెట్టి రమ్మన్నారు. నాకు మొహం చిన్నబోయింది. మర్నాడు కూర్చోబెట్టి కారణం చెప్పారు.

ఇది మీకు పనికొచ్చే విషయం, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. ఈ పండుగ రోజుల్లో గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్, ఈ అయిదు ధాన్యాల్లో దేనితో చేసినదైనా, పొంగే అవకాశం ఉంటే ఇంట్లో ఉండకూడదు. దాన్ని హమెత్స్ అంటారు. పిండికి నీళ్ళు తగిలిన 18 నిమిషాల్లోపు కాల్చేసిన రొట్టె ఒక్కటే మత్సా, అది తినొచ్చు. ఐరోపా నుంచి వచ్చిన యూదుల్లో చాలామంది బియ్యం, పప్పుధాన్యాలు, ఆవాలు కూడా మానేస్తారు. ఇరాక్, మొరాకో లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది అన్నం తింటారు. ఇప్పుడు మన పులిహోర చూడండి. అన్నం, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు. వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఇంగువ. మనం కొనే డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలిపి ఉంటుంది. డబ్బా వెనక చదివితే తెలుస్తుంది. నేను అప్పటిదాకా ఎప్పుడూ చదవలేదు. పైగా ఆచారం పాటించే ఇంట్లో బయటి వంటింటి గిన్నెలు కూడా పనికిరావు. కాబట్టి సెడెర్‌కి పిలిస్తే పూలు పట్టుకెళ్ళండి, లేదా కొయ్యని పళ్ళు పట్టుకెళ్ళండి. లేదంటే ముందురోజు ఫోన్ చేసి, "మీ వంటింట్లో మీ కత్తితో నేనూ ఒక చెయ్యి వేస్తాను" అనండి. మరుసటి ఏడు నేను చేసింది అదే.

ఆవిడ ఒక చెక్క గిన్నె ముందు పెట్టారు. వాళ్ళమ్మగారిది. లోపల అంతా గీతలు పడి, అడుగు మధ్యలో కొద్దిగా పల్లంగా అయిపోయింది. దానిలోకి సరిపడేలా అర్ధచంద్రంలా వంపు తిరిగిన కత్తి, పైన పట్టుకోవడానికి చెక్క పిడి. ఆ కత్తిని అటూ ఇటూ ఊపుతూ తరగాలి. చప్పుడు మన రోట్లో పచ్చడి నూరే చప్పుడు కాదు, టకటకమని తేలిగ్గా ఉంటుంది.

లెక్క చెప్తాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. ఆపిల్స్ మూడు. అందులో రెండు పుల్లటివి, గ్రానీ స్మిత్ అని పచ్చగా ఉంటాయే, అవి. ఒకటి తియ్యటిది. వాల్‌నట్స్ ఒక కప్పు. దాల్చినచెక్క పొడి చెంచాడు. అల్లం చిన్న ముక్క, పొడి కాదు, సన్నగా పొడుగ్గా గడ్డిపోచల్లాగా తరగాలి. తియ్యటి ఎర్ర వైన్ మూడు పెద్ద చెంచాలు. ఇక్కడి ఇళ్ళలో ఎక్కువగా మానిషెవిట్జ్ అనే ఊదారంగు ద్రాక్ష వైన్ వాడతారు. వైన్ ముట్టనివాళ్ళు ద్రాక్షరసం పోసుకోవచ్చు. తేనె కావాలంటే ఒక చెంచా, అంతకు మించొద్దు. వాల్‌నట్స్ ముందు తరగాలి, ఆపిల్ తరవాత. ఆపిల్ ముందు వేస్తే నీరు వదిలేస్తుంది, అప్పుడు పప్పు కత్తి కింద జారిపోతుంది.

ఆపిల్ నల్లబడుతుందేమోనని నేను నిమ్మకాయ కోసం వెతుకుతుంటే ఆవిడ వద్దన్నారు. "నల్లబడనివ్వు. మట్టి తెల్లగా ఉంటుందా?" అన్నారు. తరవాత చెంచాతో ఒక ముద్ద తీసి, చెంచాను తలకిందులుగా తిప్పి పట్టుకున్నారు. ముద్ద కొంచెం సాగి జారి గిన్నెలో పడింది. "ఇంకా కాలేదు, ఇంకొంచెం పప్పు వెయ్యి" అన్నారు. రెండోసారి తిప్పినప్పుడు పడలేదు. అలాగే అంటుకుని నిలబడింది.

నాకు ఆ క్షణంలో ఏం గుర్తొచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. బట్టీ దగ్గర ఆమె పిడికిలి గుర్తొచ్చింది. నేను ఆ సంగతి ఆవిడకు చెప్పాను. మా ఊరి పేరు, బలంగీర్ పేరు, అడ్వాన్స్ సంగతి, వెయ్యి ఇటుకల లెక్క, అన్నీ చెప్పాను. ఆవిడ చేతిలో చెంచా కింద పెట్టేసి విన్నారు. ఆ రాత్రి సెడెర్‌లో హరోసెత్ వంతు వచ్చినప్పుడు, బల్ల చుట్టూ ఉన్న మనవలతో ఆ కథ నా చేతే చెప్పించారు.

అల్లం పోచలు ఎందుకంటే అవి గడ్డికి గుర్తు. ఫరో ఇవ్వనన్న గడ్డి. మసాలా దినుసులు గడ్డిపోచల్లా కనపడాలని పాత ధర్మగ్రంథాల్లోనే ఉంది. ఎర్ర వైన్ రక్తానికి గుర్తు అంటారు. మరి ఆపిల్ ఎందుకు? దానికొక కథ ఉంది. ఐగుప్తులో మగపిల్లల్ని చంపేస్తున్న రోజుల్లో తల్లులు ఊళ్ళో కాకుండా తోటల్లోకి వెళ్ళి, ఆపిల్ చెట్ల కింద చప్పుడు కాకుండా ప్రసవించేవాళ్ళట. బైబిల్లోని పరమగీతంలో "ఆపిల్ చెట్టు కింద నిన్ను లేపాను" అనే వాక్యాన్ని ఆ తల్లులకే అన్వయిస్తారు.

మిష్నా మీద పండితులు చేసిన చర్చల్ని కూర్చిన గ్రంథం తల్మూద్. అందులో మట్టి, ఆపిల్, ఈ రెండు అర్థాల మీదా చర్చ ఉంది. లేవీ అనే పండితుడు ఇది ఆపిల్ చెట్టుకు గుర్తు అన్నాడు. యోహానాన్ అనే ఆయన మట్టికి గుర్తు అన్నాడు. నాలుగో శతాబ్దంలో ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో ఉన్న అబయే అనే గురువు ఇద్దరి మాటా నిలబెట్టాడు. పుల్లగా చెయ్యండి, ఆపిల్‌ని గుర్తుచేస్తుంది. చిక్కగా చెయ్యండి, మట్టిని గుర్తుచేస్తుంది. ఈ రెండే షరతులు. మళ్ళీ చెప్తున్నాను, పుల్లగా, చిక్కగా. తియ్యగా చెయ్యమని ఆయన అనలేదండీ. తీపి పళ్ళలోంచి దానంతటదే వస్తుంది, దాన్ని మనం ఇంకా పెంచక్కర్లేదు.

ఇవాళ నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. నెట్‌లో వెతికితే హరోసెత్ పేరుతో ఎన్నో తయారీలు కనపడతాయి. కప్పులకు కప్పులు బ్రౌన్ షుగర్, మీద చాక్లెట్, పక్కన ఐస్‌క్రీమ్. అవి తినడానికి బాగుంటాయి, కాదనను. కానీ నా మనసు వాటిని ఒప్పుకోదు. మట్టి తొక్కినవాళ్ళను గుర్తుచేసుకోవడానికి పెట్టుకున్న ముద్దలో పులుపు పోతే, పలుకు పోతే, అది ఇంకేదో వంటకం అవుతుంది.

పలుకు అన్నాను కదా. ఆ తరవాతి ఏడు ఇంట్లో సాధన చేద్దామని, తొందరగా అయిపోతుందని, అన్నీ మిక్సీలో వేసి ఒక్క తిప్పు తిప్పాను. ఆపిల్ నీరైపోయింది, వాల్‌నట్‌లోంచి నూనె వచ్చి, అంతా కలిసి బూడిదరంగు గుజ్జులా తయారైంది. చెంచా తిప్పితే మొత్తం జారిపోయింది. చేత్తో తరిగినప్పుడు ఒక ముక్క పెద్దగా, ఒకటి చిన్నగా ఉంటుంది. పెద్ద ముక్కల్లో పులుపు నిలుస్తుంది, చిన్నవి రసం పీల్చుకుని ముద్దను కట్టి ఉంచుతాయి. కచ్చాపచ్చాగా ఉండటంలోనే దాని పట్టు అంతా ఉంది. కత్తిపీట ఉన్నవాళ్ళు కత్తిపీట మీద తరగండి, చాలా బాగా వస్తుంది.

రెండో గిన్నె, ఆ నల్లగా మెరుస్తున్నది. దీని దారి వేరు. పక్కింటి ఆవిడ కోడలు ఇరాకీ యూదు కుటుంబం అమ్మాయి. ఆ అమ్మాయి నానమ్మ వాళ్ళు బాగ్దాద్ నుంచి 1951లో ఇశ్రాయేలుకి వెళ్ళిపోయారు. 1950, 51ల్లో లక్షకు పైగా యూదులు అలా ఇరాక్ వదిలి వెళ్ళారు. ఆ ఇంట్లో సెడెర్ బల్ల మీద అత్తగారి గిన్నె ఒకటి, కోడలి గిన్నె ఒకటి, రెండూ పక్కపక్కనే ఉండేవి. కోడలి గిన్నెలో ఉండేది ఖర్జూర పాకం. దాన్ని సిలాన్ అంటారు, హలెక్ అని కూడా అంటారు. పైన తరిగిన వాల్‌నట్స్ చల్లుతారు. అంతే, ఇంకేమీ ఉండదు.

ఇది చెయ్యడం మనవాళ్ళకు చాలా తేలిక, ఎందుకంటే పాకం చూడటం మనకు చేతనైన పని. కిలో ఖర్జూరం గింజలు తీసి, రెండు లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న అదే నీళ్ళలో గంటసేపు సన్నటి మంట మీద ఉడికించండి. చల్లారాక శుభ్రమైన పలచటి నూలు గుడ్డలో పోసి పిండాలి. ఇక్కడ తొందరపడొద్దు. కొంచెం కొంచెంగా వేసి, గుడ్డ మెలిపెట్టి, పిప్పి పొడిగా అయ్యేదాకా పిండండి. చేతులు నొప్పి పుడతాయి, ఇద్దరు కలిసి పిండితే మంచిది. ఆ నీళ్ళను వెడల్పు గిన్నెలో పోసి మరగబెట్టాలి. మొదట చాలాసేపు ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. తరవాత ఒక్కసారిగా బుడగలు పెద్దవై, బరువుగా లేస్తాయి. అప్పుడు పొయ్యి దగ్గర నుంచి కదలొద్దు. తీగపాకం దాకా రానివ్వక్కర్లేదు. గరిటె వెనక వేలితో గీత గీస్తే గీత నిలబడాలి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది. పంచదార ఒక్క చెంచా కూడా పడదు.

మరి ఇందులో పులుపేదీ, చిక్కదనం ఏదీ అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఆ అమ్మాయి ఇచ్చిన జవాబు నాకు నచ్చింది. యెరూషలేము తల్మూద్ అని ఇంకో తల్మూద్ ఉంది, అందులో ఇంకో మాట కూడా ఉందట. కొందరు చిక్కగా ఉండాలి, మట్టికి గుర్తు అంటే, కొందరు పలచగా ఉండాలి, రక్తానికి గుర్తు అన్నారు. ఖర్జూర పాకం ఆ రెండో దారి. దానిమీద వాల్‌నట్ పొట్టుతోనే వెయ్యాలి. ఆ పొట్టులో ఉన్న వగరు పాకం తీపిని అదుపులో పెడుతుంది. పొట్టు తీసి వేసి చూశాను, ఉత్త తీపి మిగిలింది.

ఒక్కో దేశంలో ఏ పళ్ళు దొరికితే వాటితోనే చేసుకున్నారు. పోలండ్‌లో ఆ నెలలో చెట్టు మీద పండు ఉండదు, నేలమాళిగలో చలికాలమంతా దాచిన ఆపిలే దిక్కు. యెమెన్‌లో ఖర్జూరం, ఎండుద్రాక్షతో పాటు నువ్వులు, మిరియాలు, శొంఠి వేస్తారు, అది తింటే గొంతు వెచ్చబడుతుంది. ఇరాన్‌లో పిస్తా, బాదం, దానిమ్మ, యాలకులు వేస్తారు. ఇటలీలో చెస్ట్‌నట్స్ వేసేవాళ్ళున్నారు. మొరాకోలో ఖర్జూరం, పప్పులు కలిపి మన సున్నుండల కన్నా చిన్నగా ఉండలు కడతారు. పరమగీతంలో పేరు వచ్చిన పళ్ళతోనే చెయ్యాలని ఒక పాత సంప్రదాయం కూడా ఉంది: ఆపిల్, దానిమ్మ, అంజూరం, ఖర్జూరం, వాల్‌నట్.

మన దేశంలోనూ ఈ పండుగ ఎప్పటినుంచో ఉంది. కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ అనే యూదులు ఊళ్ళలో నూనె గానుగలు ఆడించేవాళ్ళు, శనివారం గానుగ కట్టరు కాబట్టి వాళ్ళను శనివార తేలి అని పిలిచేవారు. ద్రాక్ష వైన్ దొరకని చోట వాళ్ళు నల్ల ఎండుద్రాక్ష నానబెట్టి, పిండి, వడకట్టి, ఆ షర్బత్ మీదే ఆశీర్వచనం చదివేవాళ్ళు, ఇప్పటికీ చదువుతారు. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తెలుగు కుటుంబాలు ఉన్నాయి. తెలుగు మాట్లాడుకుంటూనే పస్కా చేసుకుంటారు. మన పంచాంగంతో కూడా దీనికి చుట్టరికం ఉంది. వాళ్ళ నెల కూడా చంద్రుడి లెక్కే, వాళ్ళకూ అధికమాసం ఉంది. చాలా ఏళ్ళు సెడెర్ రాత్రి మన చైత్ర పౌర్ణమికి అటూ ఇటూగానే వస్తుంది. 2025లో ఉగాది మార్చి 30న, సెడెర్ ఏప్రిల్ 12 రాత్రి వచ్చాయి. అదే రోజు చైత్ర పౌర్ణమి.

ఇక మూడో గిన్నె. ఇది నేను చేసుకున్నది.

ఇందాక పరమగీతంలో ఆపిల్ చెట్టు అన్నాను కదా. కానీ నానమ్మ తెలుగు బైబిల్లో ఆపిల్ అని లేదు. "జల్దరు వృక్షము క్రింద" అని ఉంది. చిన్నప్పుడు ఆ జల్దరు ఏమిటో మాకెవరికీ తెలియదు. నానమ్మను అడిగితే, "దేవుడి తోటలో చెట్టు బిడ్డా" అనేది. ఇక్కడికి వచ్చాక ఎప్పుడో తెలిసింది, జల్దరు అంటే ఆప్రికాట్ అని. ఉర్దూలో జర్దాలూ. హైదరాబాద్‌లో పెళ్ళి భోజనాల్లో ఖుబానీ కా మీఠా తిన్నాం కదా, ఆ ఖుబానీయే. హీబ్రూ మూలంలో ఉన్న తప్పూహ్ అనే మాటకు ఆపిల్ అనే అర్థం చెప్పుకుంటున్నా, ఆ కాలంలో ఆ నేల మీద పండినది ఆప్రికాటే అయి ఉంటుందని వాదించే పండితులున్నారు. మన తెలుగు బైబిలు జల్దరు అనే అంటోంది. అది చదివిన రోజు నానమ్మ ఉండి ఉంటే బాగుండేది అనిపించింది.

అప్పటినుంచి నా హరోసెత్‌లో జల్దరు వేస్తున్నాను. ఎండిన ఆప్రికాట్లలో టర్కీవి తియ్యగా ఉంటాయి, కాలిఫోర్నియావి పుల్లగా ఉంటాయి. పుల్లటివే తెచ్చుకోండి, అబయే అడిగిన పులుపు వాటిలో ఉంది. పదిహేను పళ్ళు తీసుకుని గోరువెచ్చటి నీళ్ళలో గంట నానబెట్టి, నీళ్ళు పిండేసి, కత్తితో తరగండి. నాలుగు ఖర్జూరాలు, ఒక ఆపిల్, అర కప్పు బాదం, అర కప్పు వాల్‌నట్స్, నాలుగు యాలకుల పొడి, అల్లం పోచలు. తడి కోసం రెండు చెంచాల ద్రాక్షరసం, అంతే. హైదరాబాద్ నుంచి గింజతో ఉన్న ఖుబానీ తెచ్చుకోగలిగితే గింజ పగలగొట్టండి, లోపల బాదంలాంటి పప్పు ఉంటుంది. ఒక్కటి కొరికి చూడండి. తియ్యగా ఉంటే తరిగి కలపండి. చేదుగా ఉంటే పారెయ్యండి, చేదు పప్పు తినకూడదు, విషం ఉంటుంది. కలిపాక రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే పప్పు రసాన్ని పీల్చుకుని గట్టిపడుతుంది. చెంచా తిప్పి చూడటం మర్చిపోకండి.

పక్కింటి ఆవిడకు చివరి రెండేళ్ళూ ఈ గిన్నె పంపలేదు, వాళ్ళ వంటింట్లోనే చేసిపెట్టాను. మొదటిసారి రుచి చూసి ఆవిడ, "ఇది మా అమ్మ చేసినట్టు లేదు" అన్నారు. కాసేపాగి, "కానీ పుల్లగా ఉంది" అన్నారు. చెక్క గిన్నె, ఆ వంపు కత్తి ఇప్పుడు వాళ్ళ కోడలి దగ్గర ఉన్నాయి.

ఎవరో చెయ్యెత్తారు... అవునమ్మా, చెప్పు. ఆఁ, "చేదు మీద తీపి వేసుకుంటే చేదు తెలియకుండా పోతుంది కదా, అందుకేనా పెట్టింది?" అని అడుగుతోంది ఈ అమ్మాయి.

చాలా మంచి ప్రశ్న అడిగావు. నిన్ను ఆగమన్నది కూడా ఇందుకే. చేదు కూరను హరోసెత్‌లో ముంచాలి, నిజమే. కానీ తల్మూద్‌లో రావ్ పాపా అనే గురువు ఒక హెచ్చరిక చేశాడు. చేదు కూరను అందులో ఎక్కువసేపు ఉంచొద్దు, తీపి దాని చేదును చంపేస్తుంది అన్నాడు. అందుకని ముంచిన వెంటనే తీసి, అంటుకున్నదాన్ని దులిపేసి తినాలని ఆచారం. ముంచడమూ ఉంది, దులపడమూ ఉంది. మీ ఫ్రెండ్స్ ఇంట్లో సెడెర్‌కి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ చేతుల్ని గమనించు, ఆకు పైకెత్తి ఒక్కసారి ఇలా విదిలిస్తారు. రెండుసార్లు వేసుకుని తినాలనిపిస్తే, భోజనంలో ఎంతైనా తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు. చేదు కూరతో తినేటప్పుడు మాత్రం దులపాలి.

సరే, ఇప్పుడు లేవండి. మూడు గిన్నెల పక్కన ఒక పళ్ళెంలో రొమేన్ లెట్యూస్ ఆకులు, ఇంకో పళ్ళెంలో తురిమిన హార్స్‌రాడిష్ ఉన్నాయి. హార్స్‌రాడిష్ చాలా కొద్దిగా, చిటికెడే తీసుకోండి, ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది. పిల్లలకు ఆకు చాలు. ఆకు కాడ దగ్గర కొరకండి, చేదు అక్కడే ఉంటుంది. మొదట ఏ గిన్నైనా పర్వాలేదు. ముంచండి. పైకెత్తండి. అలాగే నోట్లో పెట్టుకోకండి బాబూ, ముందు దులుపు. ఆఁ, అలా.